బాల్ పైతాన్ పెంపకం, మూడో పాఠం: ముందు థర్మోస్టాట్, తర్వాతే హీటర్

పోయిన పాఠంలో ట్యాంకు, రెండు హైడ్‌లు (పాము దూరి దాక్కునే గూళ్ళు), నీళ్ళ గిన్నె దాకా వచ్చాం కదా, ఈసారి వేడి. నన్నడిగితే ఈ పాఠాలన్నిట్లో ఇదే ముఖ్యమైంది, ఎందుకంటే పెద్ద బాల్ పైతాన్, అంటే ఇళ్ళల్లో పెంచే ఈ ఆఫ్రికా కొండచిలువ, రెండు మూడు వారాలు తినకపోయినా తట్టుకుంటుంది గానీ వేడి సరిగ్గా లేకపోతే తిన్నది కూడా దానికి ఒంటబట్టదు.

ఒక మాట ముందే చెప్తా, ఇది అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం రాస్తున్నా, ఇక్కడ చాలా రాష్ట్రాల్లో బాల్ పైతాన్‌ని పెంచుకోవచ్చు, హవాయిలో మాత్రం ఏ పామూ కుదరదు. ఇండియా నుంచి చదివేవాళ్ళు మన జెర్రిపోతునో కొండచిలువనో ఇంట్లో పెట్టుకుందాం అనుకోవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, పైగా ఆ జీవికి అన్యాయం చేసినట్టు.

సరే, అసలు పాముకి వేడి ఎందుకు? మనలాగా దాని ఒంట్లో దానంతట అది వేడి పుట్టదు, బయట ఎంత ఉంటే లోపల అంతే. ఇక్కడ చలికాలంలో దోసెల పిండి కౌంటర్ మీద పెడితే రెండు రోజులైనా పొంగదు, అదే అవెన్‌లో లైట్ వేసి పెడితే పొద్దున్నకి గిన్నె దాటి పొర్లుతుంది, మనందరికీ తెలిసిన సంగతే. పాము కడుపు కూడా అంతే అనుకోండి, వెచ్చగా ఉంటేనే అరుగుతుంది. చల్లగా ఉంటే మింగిన ఎలుక లోపలే కుళ్ళడం మొదలుపెడుతుంది, పాము దాన్ని కక్కేస్తుంది, అలా కక్కడం దానికి చాలా పెద్ద దెబ్బ. ఎక్కువ రోజులు చల్లగా ఉంటే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ కూడా వస్తుంది, నోరు తెరిచి గాలి పీల్చడం, ముక్కు దగ్గర బుడగలు, పిల్లికూతల లాంటి శబ్దం, వీటిల్లో ఏది కనిపించినా ఆగకుండా సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి.

అలాగని ట్యాంకు మొత్తం ఒకటే వేడి పెట్టేస్తే అదీ తప్పే. ఒక చివర వెచ్చగా, రెండో చివర చల్లగా ఉండాలి, ఎప్పుడు ఎటు పోవాలో పాముకే వదిలేయాలి. అంకెలు రాసుకోండి: వెచ్చటి హైడ్‌లో నేల 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 31 నుంచి 33 సెల్సియస్. చల్లటి వైపు 76 నుంచి 80. రాత్రి ఎక్కడా 75కి తగ్గనివ్వకండి. ఇవి బాల్ పైతాన్‌కి మాత్రమే, అది పడమటి ఆఫ్రికాలో ఘానా, టోగో, బెనిన్ వైపు వేడి నేలల్లో బొరియల్లో బతికే పాము. కార్న్ స్నేక్ ఉన్నవాళ్ళు ఇవే పెట్టేయకండి, దానికి ఇంకాస్త చల్లగా కావాలి.

ఇప్పుడు పరికరాలు. చాలామంది మొదట కొనేది హీట్ మ్యాట్, అంటే ట్యాంకు కింద పెట్టే, కరెంటుతో వేడెక్కే పలుచటి షీటు, నేనూ అదే కొన్నా, షాపులో అబ్బాయి ప్లగ్ పెట్టేస్తే చాలు సార్ అన్నాడు, నేనూ నమ్మి అలాగే పెట్టేశా. పది రోజుల తర్వాత పొట్ట కింద పొలుసులు గోధుమరంగులోకి మారి బొబ్బల్లా కనిపిస్తే అప్పుడు టెంపరేచర్ గన్‌తో గాజు మీద చూశా, 120 చూపించింది. వెట్ చెప్పిందేంటంటే పాములు కింద నుంచి కాలుతున్నా చాలాసార్లు అక్కడే పడుకుని ఉండిపోతాయట. ఆ గాయం మానడానికి మూడు కుబుసాలు పట్టింది. ఆ మూడు కుబుసాలూ దాన్ని చూసిన ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోయేది, అందుకే ఈ పాఠానికి ఆ పేరు పెట్టా. థర్మోస్టాట్ అంటే మనం పెట్టిన వేడి దాటకుండా మ్యాట్‌ని ఆపే పరికరం, అది లేని మ్యాట్‌ని ప్లగ్‌లో పెట్టొద్దు, ఒక్క రాత్రికి కూడా వద్దు. డబ్బులు ఒకదానికే ఉంటే థర్మోస్టాట్ ముందు కొనండి, మ్యాట్ వచ్చే నెల, పాము ఆ తర్వాత.

మ్యాట్ ట్యాంకు లోపల కాదు, బయట, కింద గాజుకి అతికించాలి, ఒక చివర నేలలో మూడో వంతు దాకా. ట్యాంకు నాలుగు మూలలా చిన్న రబ్బరు బిళ్ళలు పెట్టి కాస్త ఎత్తండి, వేడి కింద చిక్కుకోకుండా గాలి ఆడాలి.

థర్మోస్టాట్‌కి ఒక వైరు చివర ప్రోబ్, అంటే వేడి ఎంతుందో చూసే చిన్న మొన, ఉంటుంది, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ప్రోబ్ లోపల పెడితే పాము దాన్ని పక్కకి నెట్టేస్తుంది, లేదా దానిమీద నీళ్ళు ఒలుకుతాయి, అప్పుడు ప్రోబ్‌కి చల్లగా తగులుతుంది, థర్మోస్టాట్ ఇంకా వేడి కావాలేమో అనుకుని మ్యాట్‌ని ఆపకుండా కాలుస్తూనే ఉంటుంది. అందుకే ప్రోబ్‌ని మ్యాట్‌కీ గాజుకీ మధ్య కదలకుండా పెట్టండి. లోపల నేల ఎంత ఉందో చూడటానికి వేరే డిజిటల్ థర్మామీటర్ ఒకటి ఉండాలి, దాని ప్రోబ్ వెచ్చటి హైడ్‌లో గాజు మీద. సబ్‌స్ట్రేట్ (నేల మీద పరిచే పొట్టు లాంటిది) పైన కాదు, గాజు మీద, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే పాము తవ్వుకుంటూ కిందికి పోయి గాజుకి పొట్ట ఆనించి పడుకుంటుంది, పైన 88 ఉంటే కింద 100 దాటి ఉండొచ్చు. థర్మోస్టాట్ మీద అంకె, లోపల అంకె ఒకటే రావు, లోపల 90 వచ్చేదాకా థర్మోస్టాట్‌ని ఒక్కో డిగ్రీ మారుస్తూ, మార్చిన ప్రతిసారీ రెండు మూడు గంటలు ఆగి చూడండి. గాజుకి అతికించే గుండ్రటి ముల్లు మీటర్లు కొనకండి, అవి నమ్మకమైనవి కావు.

మ్యాట్ నేలనే వేడి చేస్తుంది, గాలిని పెద్దగా చేయదు. మిషిగన్‌లో మా బేస్‌మెంట్ జనవరిలో 62కి పడిపోతుంది, మ్యాట్ ఒక్కటీ సరిపోలేదు, పైన సెరామిక్ హీట్ ఎమిటర్ పెట్టాల్సి వచ్చింది. అది వెలుతురు ఇవ్వదు, వేడి మాత్రం ఇస్తుంది, కాబట్టి రాత్రికి బాగుంటుంది. దానికి పింగాణీ సాకెట్ ఉన్న హోల్డరే కావాలి, ప్లాస్టిక్‌ది కరిగి నిప్పంటుకుంటుంది. పాముకి తగిలే చోట పెట్టొద్దు, జాలీ మూత మీద బయట పెట్టండి, దీనికీ వేరే థర్మోస్టాట్. పగటికి హాలోజన్ బల్బు వాడేవాళ్ళు డిమ్మింగ్ రకం థర్మోస్టాట్ తీసుకోండి, ఊరికే ఆన్ ఆఫ్ అయ్యేదైతే బల్బు మిణుకుమిణుకుమంటూ పాముకి ఇబ్బంది, బల్బూ త్వరగా పోతుంది. ఎర్ర బల్బు పాముకి కనపడదని అమ్ముతారు, కనపడుతుంది, కొనకండి. కరెంటుతో వేడెక్కే రాయి అయితే అసలే వద్దు.

మంచు తుఫానుకి కరెంటు పోతే కంగారుపడి ట్యాంకు దగ్గర కొవ్వొత్తులు పెట్టకండి. పాముని నూలు దిండు గలీబులో వేసి మూతి ముడేసి, గాలి ఆడే థర్మోకోల్ పెట్టెలో పెట్టి, గోరువెచ్చటి నీళ్ళ సీసాలకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి, గంటగంటకీ చెయ్యి పెట్టి చూసుకోండి.

ఈ వారం పని: పాముని ఇంకా తేవద్దు. ఖాళీ ట్యాంకుతోనే అన్నీ ఆన్ చేసి మూడు రోజులు పొద్దున్న, మధ్యాహ్నం, పడుకునే ముందు రెండు వైపులా అంకెలు నోట్‌బుక్‌లో రాయండి. తెల్లవారుజామున ఒకసారి లేచి కూడా రాయండి, ఇల్లు బాగా చల్లబడేది అప్పుడే. పాము ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళు అది ఎటువైపు ఎంతసేపు ఉంటుందో కూడా రాయండి, ఎప్పుడూ చల్లటి వైపే ఉంటే వెచ్చటి వైపు మండిపోతుందేమో చూడండి, అసలు వెచ్చటి హైడ్ వదలకపోతే అవతలి వైపు మరీ చల్లగా ఉందేమో చూడండి. ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకునే వచ్చే పాఠం చదవండి, పైనుంచి వేడి పెట్టగానే లోపల తేమ పడిపోతుంది, దాన్ని 60 శాతం దగ్గర ఎలా నిలబెట్టాలో అందులో చూద్దాం.