ముహూర్తానికి అందరూ అందాలంటే: సిక్కోలు పెళ్లింటికి టైము లెక్కలు

శుభలేఖ మీద "ఉ. 10.22 ని.లకు" అని అచ్చు వేయిస్తాం. పురోహితుడు ఆ నిమిషం దాటనివ్వడు. అదే కార్డు అందుకున్న చుట్టాలు మాత్రం పదకొండున్నరకు దిగుతారు. పదకొండుకి కూర్చోవాల్సిన మొదటి బంతి పన్నెండున్నరకు కూర్చుంటుంది. ఇదంతా చూసి "మనోళ్లకి టైమంటే లెక్కలేదు" అనేస్తుంటారు. అది నిజం కాదు. అరసవల్లి గుడిలో సూర్యకిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలు తాకే రోజులు మార్చి రెండోవారంలో, అక్టోబరు మొదట్లో వస్తాయి. ఆ రోజుల్లో జనం చీకటితోనే వచ్చి లైన్లో నిలబడతారు. ఆ కిరణం ఎవరి కోసమూ ఆగదని వాళ్లకి తెలుసు. మనం ఆగని టైముకి ముందే వెళ్తాం, ఆగే టైముకి తీరిగ్గా వెళ్తాం.

పెళ్లిలో ఆగనిది ఒక్క ముహూర్తమే, మిగతావన్నీ ఆగుతాయి. అందుకే అందరికీ కలిపి ఒకే టైము చెప్పి ఊరుకుంటే పని జరగదు. ఎవరికి ఏ పనుందో చూసి, వాళ్ల గంట వాళ్లకి విడిగా చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెళ్లి, గృహప్రవేశం, ఓణీల వేడుక ఏది చేసినా ఈ లెక్క పనికొస్తుంది.

ముందు పంచాంగం ఏ ఊరిదో చూడండి

ఈ సంగతి చాలా ఇళ్లలో పట్టించుకోరు. పంచాంగం ఏ ఊరికి గణించారో దాని మొదటి పేజీల్లో రాసి ఉంటుంది. లగ్నం, సూర్యోదయం ఊరిని బట్టి మారతాయి. తూర్పుకి ఒక్క డిగ్రీ జరిగితే 4 నిమిషాలు ముందుకి వస్తాయి. హైదరాబాదు సుమారు 78.5 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, విజయవాడ 80.6 మీద, విజయనగరం 83.4 మీద, శ్రీకాకుళం 83.9 మీద. అంటే హైదరాబాదు లెక్క ప్రకారం 10.22కి మొదలయ్యే లగ్నం శ్రీకాకుళంలో పదింటికే మొదలైపోతుంది. విజయనగరానికి 20 నిమిషాల తేడా వస్తుంది. విజయవాడ పంచాంగమైతే శ్రీకాకుళానికి 13, విజయనగరానికి 11. ఇచ్ఛాపురం ఇంకా తూర్పున ఉంది, అక్కడికి హైదరాబాదుతో తేడా 25 నిమిషాల దాకా ఉంటుంది. అక్షాంశాన్ని బట్టి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతాయి.

ఇరవై నిమిషాలే కదా అనుకోకండి. లగ్నం సగటున రెండు గంటలుంటుంది, అందులో తొమ్మిదో వంతు నవాంశ. అంటే 13 నిమిషాల చిల్లర. పురోహితుడు నవాంశ చూసి పెట్టిన ముహూర్తాన్ని వేరే ఊరి పంచాంగంతో పట్టుకుంటే ఒక నవాంశ పూర్తిగా దాటిపోయినట్టే. తిథి, నక్షత్రం, వర్జ్యం గడియారం టైముల్లో అన్ని ఊళ్లకీ ఒకటే కాబట్టి వాటితో ఈ బాధ లేదు. శుభలేఖ ప్రెస్సుకి ఇచ్చే ముందు పురోహితుణ్ని ఒక్క మాట అడగండి: "పంతులుగారూ, ఈ టైము మన ఊరికి సవరించిందేనా?"

రాహుకాలం దగ్గరా ఇదే తిరకాసు. సోమవారం 7.30 నుంచి 9 అని క్యాలెండర్‌లో ఉండే పట్టీ, పొద్దు ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకుతుందనే లెక్క మీద వేసింది. జూన్ మూడోవారంలో శ్రీకాకుళంలో సూర్యోదయం 5.20 ప్రాంతంలో అవుతుంది, పగలు పదమూడు గంటలు దాటి ఉంటుంది. ఆ పగటిని ఎనిమిది భాగాలు చేసి రెండోది తీసుకుంటే సోమవారం రాహుకాలం సుమారు ఏడింటికే మొదలై 8.40కి ముగుస్తుంది. ఒక ఇంటివాళ్లు పట్టీ చూసి, ఇంకో ఇంటివాళ్లు పంచాంగం చూసి బయల్దేరితే మగపెళ్లివారికీ ఆడపెళ్లివారికీ మధ్య అరగంట అక్కడే పోతుంది. రెండు వైపులా ఏది పాటించాలో తాంబూలాల రోజే అనుకోండి. తప్పనిసరిగా రాహుకాలంలోనే కదలాల్సి వస్తే పెద్దలు చెప్పిన ప్రస్థానం ఉండనే ఉంది: ముందే ఒక సంచి వీధిలో పక్కింట పెట్టి ఉంచండి, వెళ్లేటప్పుడు తీసుకోండి.

మన వైపు రాత్రి ముహూర్తాలు ఎక్కువ. అక్కడ జరిగే పొరపాటు వేరు. రాత్రి 2.35 పెళ్లికి తేదీ ఏది వేయాలి? పంచాంగానికి సూర్యోదయం దాకా పాత వారమే, గడియారానికి అర్ధరాత్రితోనే కొత్త తేదీ. అందుకే "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం" అని రాసే పద్ధతి వచ్చింది. దాన్ని తీసేసి ఉత్త తేదీ వేస్తే సగం మంది ఒకరోజు ఆలస్యంగా వస్తారు. ఆ మాట ఉంచండి, కిందనే "బుధవారం రాత్రి 7 గం. నుంచి విందు" అని విడిగా వేయండి. రాత్రి పెళ్లికి చుట్టాలు నిజంగా వచ్చేది ఆ టైముకే.

ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

కాగితం మీద అడుగున 10.22 రాసి పైకి ఎక్కుతూ రండి. జీలకర్ర బెల్లం 10.22కి. మేనమామలు అమ్మాయిని బుట్టలో పందిట్లోకి తేవడం 10.05కి, అడ్డుతెర అప్పటికే పట్టుకుని ఉండాలి. గణపతి పూజ మొదలుపెట్టి తక్కినవి నెమ్మదిగా జరగడానికి పురోహితుడికి గంటన్నర పడుతుంది, అంటే 8.50కి పీటల మీద కూర్చోవాలి. కన్యాదానం ముందా తర్వాతా అన్నది ఇంటి ఆచారం, దాన్ని బట్టి పావుగంట కలపండి, తీయండి. పెళ్లికొడుకు విడిదిలో తయారై 8.15కి కదలాలి, ఎదురుకోలుకి మేళం అంతకు ముందే గుమ్మంలో ఉండాలి. అమ్మాయి ముస్తాబుకి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. గౌరీ పూజకి ఎనిమిదిన్నరకి కూర్చోవాలంటే జడ వేసే మనిషి అయిదున్నరకే ఇంట్లో ఉండాలి.

ఈ లెక్క ఎక్కడ తెగుతుందో తెలుసా? గౌరీ పూజకీ బుట్టకీ మధ్యన. "ఒక్క రెండు ఫొటోలండీ" అని మొదలై ఇరవై నిమిషాలు ఎగిరిపోతాయి. ఫొటోగ్రాఫర్‌కి ముందురోజే చెప్పండి: అమ్మాయి ఫొటోలు 8 నుంచి 8.30 లోపు, మిగిలినవి తలంబ్రాలయ్యాక. ఆ మాట నిలబెట్టడానికి ఒక పెద్ద మనిషిని పెట్టండి. చిన్నపిల్లల్ని పెడితే వాళ్లూ ఫొటోలో నిలబడిపోతారు.

జీలకర్ర బెల్లం ముద్ద గంట ముందే తయారుండాలి. జీలకర్ర మెత్తగా నూరి తర్వాత బెల్లం కలపాలి. పలుకుగా ఉంటే తల మీద నిలవక రాలిపోతుంది, బెల్లం ఎక్కువైతే చెమటకి నుదుటి మీదకి కారుతుంది. ఉసిరికాయంత ముద్దలు రెండు చేసి తమలపాకుల్లో పెట్టి, ఫ్యాను గాలికి ఎండకుండా గిన్నె బోర్లించండి. ఆ గిన్నె ఎవరి చేతిలో ఉందో పురోహితుడికి తెలియాలి. 10.20కి "జీలకర్ర బెల్లం ఏదమ్మా?" అని పందిరంతా వెతికిన పెళ్లిళ్లు తక్కువేం కాదు. పంతులుగారి వాచీని ముందే నెట్‌వర్క్ టైము పెట్టుకున్న ఫోన్‌తో సరిచూడండి. ఆయన చెయ్యెత్తగానే గట్టిమేళం మోగాలి కాబట్టి సన్నాయి వాయించేవాళ్లని పంతులుగారు కనబడే చోటే కూర్చోబెట్టండి.

పిలుపులో గంట చెప్పడం

ఆలస్యంలో సగం మర్యాద వల్లే వస్తుంది. మన పల్లెల్లో బొట్టు పెట్టి చేసేది మొదటి పిలుపు. వంటయ్యాక "భోజనాలకి రండి" అని మనిషి గుమ్మం గుమ్మానికీ వెళ్లేది రెండోది. ఆ రెండో పిలుపు రాకుండా వెళ్తే తిండికి కాసుకున్నట్టుంటుందని చాలామంది ఇంట్లోనే తయారై కూర్చుంటారు. మీరు వాళ్ల కోసం చూస్తారు, వాళ్లు మీ మనిషి కోసం చూస్తారు. దీనికి మందు చిన్నదే. మొదటి బంతికి అరగంట ముందు ఒక్కో వీధికి ఒక్కో కుర్రాణ్ని పంపండి. ఊరు పెద్దదైతే ముగ్గురు కావాలి, ఒక్కడికే అప్పజెబితే చివరి వీధివాళ్లు రెండో బంతికి గానీ రారు.

దగ్గరి చుట్టాలకి ముహూర్తం టైము చెప్పి ఊరుకోకండి, పని చెప్పండి. "అప్పా, అడ్డుతెర నువ్వే పట్టాలి, తొమ్మిదిన్నరకల్లా పందిట్లో ఉండు." "మావయ్యా, బుట్ట మీరే ఎత్తాలి." చేతిలో పని ఉన్న మనిషి ఆలస్యంగా రాడు. కావాలని గంట ముందు టైము అబద్ధం చెప్పే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, అది వద్దు. ఒకసారి పనిచేస్తుంది, రెండోసారికి వాళ్లే గంట కలుపుకుని వస్తారు, మీ మాట పోతుంది.

నాయకుల్ని పిలిస్తే ముహూర్తం తర్వాతి టైము ఇవ్వండి. వాళ్ల కోసం బంతి ఆపొద్దు.

అన్నం చల్లారకుండా

వందమందికి 12 నుంచి 14 కిలోల బియ్యం పడుతుంది. అయిదొందల మందికని మొత్తం ఒకేసారి వండేస్తే చుట్టాలు గంట ఆలస్యమయ్యేసరికి అడుగున చెమ్మగిల్లుతుంది, పైన గట్టిపడుతుంది. వంటమాస్టరుకి బంతుల లెక్కన చెప్పండి. ఒక బంతికి కూర్చోవడం, తినడం, ఆకులు తీసి బల్లలు తుడవడం కలిపి 40 నుంచి 45 నిమిషాలు. పెద్ద పొయ్యి మీద కూడా ఎసరు మరగడానికి అరగంట, బియ్యం పోసి వార్చడానికి ఇంకో అరగంట. కాబట్టి ఒక పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ మరుగుతూనే ఉండాలి. మొదటి బంతికి ఆకులు వేస్తుండగా రెండో వాయి బియ్యం పడాలి. పప్పు, సాంబారు, కూరలు ముందే అయిపోయినా ఫరవాలేదు, వేపుడూ అప్పడాలూ ఆఖర్న. వాయికి ఎన్ని కిలోలో ముందురోజే కొలిచి గోనెల్లో విడివిడిగా పెట్టిస్తే ఎవరూ తొందరపడి ఎక్కువ పోసేయరు.

రైలు, రోడ్డు, ఫోను

మన పల్లెల్లో ఇంటికొకరు హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో ఉంటారు. వాళ్లు దిగే శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంది, ఊళ్లోకి ఇంకా పదమూడు కిలోమీటర్లు. ఉద్దానం వాళ్లయితే బండి పలాసలో ఆగి సోంపేటలో ఆగకపోవచ్చు. టికెట్ తీసుకునే ముందే హాల్టు చూసుకోమనండి. ముహూర్తానికి మూడు గంటల ముందు చేరే బండిని నమ్మొద్దు, దాని ముందు బండికి రమ్మనండి. విజయనగరంలో దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ఆ రోజు కోట వైపు రోడ్లన్నీ జనమే. ఆ తేదీకి టౌనులో మండపం తీసుకోకండి.

ఫోన్లో "ఎక్కడున్నారు?" అని అడిగితే జవాబు ఎప్పుడూ ఒకటే: "బయల్దేరిపోనాం బావా, దారిలో ఉన్నాం." ఆ మాటకి అర్థం స్నానాలయ్యాయని కూడా కావొచ్చు. అబద్ధమని కాదు, మీకు కంగారు పెట్టకూడదని అలా అంటారు. అడిగే తీరు మార్చండి. విశాఖ నుంచి హైవే మీద వచ్చేవాళ్లని "పూసపాటిరేగ దాటారా? రణస్థలం వచ్చిందా?" అని ఊరి పేరుతో అడగండి. రణస్థలం దాటితే ముప్పావుగంట, చిలకపాలెం దాటితే ఇంక ఎదురుకోలుకి మనిషిని పంపొచ్చు. ఇంకా ఇంట్లోనే ఉంటే "బండిలో ముందు సీట్లో ఎవరు కూర్చున్నారు?" అనండి, నిజం తెలిసిపోతుంది.

పెళ్లి కాని రోజుల్లో

మేస్త్రీ, వడ్రంగి, ప్లంబరు "రేపొస్తాను" అంటే ఒప్పుకున్నట్టు మాత్రమే, రోజు ఖాయం చేసినట్టు కాదు. "రేపు పొద్దున్న టిఫినుకి ముందా, తర్వాతా?" అని అడగండి. సామాను ముందురోజు సాయంత్రమే తెప్పించి ఫోన్లో ఆ మాట చెప్పండి. సామానున్న ఇంటికే ముందు వస్తారు. "సాయంత్రం కలుద్దాం" అంటే నాలుగు నుంచి ఎనిమిది దాకా ఎప్పుడైనా సాయంత్రమే. దీపాలు పెట్టకముందా తర్వాతా అని తేల్చుకోండి.

మీరే ఆలస్యమైతే గుమ్మంలో కారణాలు చెప్పుకుంటూ నిలబడకండి. పందిట్లో తలంబ్రాలు జరుగుతుంటే ఎదురుగా వెళ్లకుండా పక్క నుంచి వెళ్లి అక్షింతలు వేయండి. ఆ తర్వాత ఇంటి పెద్దాయన కంటపడి, తిన్నగా భోజనాల పందిట్లోకి వెళ్లి నీళ్ల జగ్గు అందుకోండి. రెండు బంతులకి వడ్డించి మూడో బంతిలో కూర్చోండి.