హైదరాబాద్‌లో ఇంట్లో సముద్రం పెట్టాలంటే ముందు నీళ్ళ సంగతి చూస్కోండి

సముద్రానికి 300 కిలోమీటర్ల దూరంలో కూర్చుని ఇంట్లో సముద్రం ఏంట్రా అని మా నాన్న ఇప్పటికీ అంటారు, కానీ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చునేది మాత్రం ఆ ట్యాంక్ ముందే. రీఫ్ ట్యాంక్ (ఉప్పునీళ్ళల్లో సముద్రపు చేపలూ, కోరల్స్ అంటే పగడాలూ పెంచే ట్యాంక్) పెడదాం అనుకునే వాళ్ళలో చాలామంది షాప్‌లో ఆరెంజ్ క్లౌన్ ఫిష్‌ని చూసి ఆగలేక అదే రోజు ట్యాంకూ చేపా ఒకేసారి కొనేస్తారు, వారం తిరక్కుండా చేప పోతుంది, ట్యాంక్ ఓఎల్ఎక్స్‌లోకి పోతుంది. నేనూ అలాగే చేశా కాబట్టి చెప్తున్నా. మన ఊళ్ళో ఈ హాబీకి అసలు పరీక్ష రెండే, నీళ్ళు, ఎండ. ఆ రెండూ సెట్ అయితే మిగతాది ఓపిక.

ట్యాంక్ మరీ చిన్నది వద్దు, చిన్న ట్యాంక్‌లో ఏ తప్పు చేసినా గంటల్లో తెలిసిపోతుంది. 3 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు అంటే సుమారు 190 లీటర్లు, మొదటిదానికి ఇది బావుంటుంది. నీళ్ళు, రాళ్ళు, గ్లాసు, స్టాండ్ అన్నీ కలిపితే దగ్గర దగ్గర 300 కిలోలు అవ్తుంది, అందుకే ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళు హాలు మధ్యలో కాకుండా బీమ్ ఉన్న గోడకి ఆనించి పెట్టండి, బాల్కనీలో అసలొద్దు, కిటికీ ఎండ తగిలే చోట కూడా వద్దు. కింద స్టాండ్‌లో సంప్ అనే ఇంకో చిన్న ట్యాంక్ ఉంటే చెత్త లాగే స్కిమ్మర్, హీటర్ అన్నీ అందులో దాచేయొచ్చు (సంప్ కట్టిస్తున్నా అంటే మా ఆవిడ అపార్ట్‌మెంట్ కింద ఉండే నీళ్ళ సంప్ అనుకుని, దానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందా అని అడిగింది).

ఇప్పుడు నీళ్ళు. కుళాయిలో వచ్చేది కృష్ణా కానీ గోదావరి కానీ మంజీరా కానీ, అందులో క్లోరిన్ ఉంటుంది, బోర్ నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో అయితే టీడీఎస్ (నీళ్ళల్లో కరిగిన లవణాల లెక్క) గురించి చెప్పక్కర్లేదు, గీజర్ రాడ్‌కి పట్టే తెల్ల పొర చూస్తే అర్థమైపోతుంది. తాగే నీళ్ళ ఆర్‌ఓ ఉంది కదా అని చాలామంది అదే పోస్తారు, కానీ వాటిల్లో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్‌తో కొంత మామూలు నీళ్ళు మళ్ళీ కలుపుతారు, మీటర్ పెట్టి చూస్తే 40, 50 చూపిస్తది. రీఫ్‌కి కావాల్సింది సున్నా. అంటే ఆర్‌ఓ మెంబ్రేన్ తర్వాత మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ రెజిన్ క్యాన్ ఒకటి తగిలించాలి, ప్రెషర్ తక్కువ ఉంటే బూస్టర్ పంప్ కూడా. రెజిన్ అయిపోతే టీడీఎస్ మెల్లగా పైకి పోతుంది, రెండ్రోజులకోసారి మీటర్ ముంచి చూస్కోండి. ఒక లీటర్ మంచి నీళ్ళకి మూడు నాలుగు లీటర్లు వేస్ట్ పోతాయి, ఎండాకాలం ట్యాంకర్ డబ్బులు కట్టేవాళ్ళకి ఇది మంటే, బకెట్లో పట్టి బట్టలకీ ఇల్లు తుడవడానికీ వాడేయండి.

ఉప్పు దగ్గర కక్కుర్తి పడొద్దు. కల్లుప్పు కాదు కదా, ఏ వంట ఉప్పూ పనికిరాదు, అందులో దాదాపు అంతా సోడియం క్లోరైడే, సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఉండవు. రెడ్ సీ, ట్రాపిక్ మారిన్, ఇన్‌స్టంట్ ఓషన్ లాంటి రీఫ్ సాల్ట్ కొని, బేగంబజార్‌లో పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తెచ్చుకుని, లీటర్‌కి 35 నుంచి 40 గ్రాముల లెక్కన వేసి పంప్ పెట్టి రాత్రంతా తిప్పండి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) రావాలి, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ స్కేల్ మీద 1.025, 1.026 దగ్గర. ముందు ఆ మీటర్‌ని 35 పీపీటీ కాలిబ్రేషన్ లిక్విడ్‌తో సరిచూస్కోవాలి, లేపోతే అది చెప్పే అబద్ధాన్నే నమ్ముకుంటూ పోతాం. ఇంకో సంగతి, బాపట్ల వెళ్ళిన ఫ్రెండ్ చేత సూర్యలంక బీచ్ నుంచి నాలుగు క్యాన్ల నీళ్ళు తెప్పించా ఒకసారి, ఫ్రీ కదా అని. ఒడ్డు దగ్గర నీళ్ళల్లో బురద, కంటికి కనపడని జీవాలు ఎన్నో ఉంటాయి, క్యాన్‌లో మూతపెట్టి తెచ్చేసరికి చచ్చి కంపు, బాత్రూమ్‌లో పారబోసినా రెండ్రోజులు వాసన పోలేదు.

నీళ్ళు ఆవిరైనప్పుడు ఉప్పు పోదు, నీళ్ళే పోతాయి. కాబట్టి తగ్గినంతా ఉప్పు లేని ఆర్‌ఓ డీఐ నీళ్ళతోనే నింపాలి, ఉప్పునీళ్ళతో కాదు, ఈ ఒక్క ముక్క అర్థంకాక ఉప్పు పెరిగిపోయి చేపల్ని చంపుకునే వాళ్ళు చాలామంది. ఏప్రిల్‌లో ఫ్యాన్ వేస్తే నాకు రోజుకి నాలుగు లీటర్లు పోతుంది, చేత్తో పోయడం కుదరదు, ఫ్లోట్ సెన్సర్ ఉండే ఆటో టాపప్ పెట్టుకోండి.

ఎండ గురించి. నీళ్ళు 25 నుంచి 27 డిగ్రీల్లో ఉండాలి, మేలో టాప్ ఫ్లోర్ గది 35 దాటుతుంది, పైగా పంపులూ లైటూ కూడా వేడి ఇస్తాయి. కోరల్ ఒంట్లో జూజాంథెల్లే అనే సన్నటి ఆల్గే (నాచు లాంటిది) ఉంటుంది, కోరల్‌కి తిండి చాలావరకు అదే వండి పెడుతుంది, నీళ్ళు వేడెక్కితే కోరల్ దాన్నే బయటికి గెంటేసి తెల్లగా పాలిపోతుంది, బ్లీచింగ్ అంటే అదే. గుజరాతీ గల్లీలో 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు కొని నీళ్ళ మీదకి గాలి కొట్టేలా పెడితే మన పొడి ఎండకి రెండు మూడు డిగ్రీలు దింపుతాయి, కూలర్ లెక్కనే అన్నమాట, కానీ వానాకాలం గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు అంత పనిచేయవు. నా మాట వింటే నీళ్ళని చల్లబరిచే మెషిన్ చిల్లర్‌కి మొదటి రోజే డబ్బు పక్కన పెట్టండి, అది ట్యాంక్ కంటే ఎక్కువే అవ్తుంది. దాన్ని స్టాండ్ లోపల మూసిపెట్టకండి, వేడి గాలి బయటికి పోవాలి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో మళ్ళీ ఉల్టా, హీటర్ కావాలి.

లైటు నీలం ఎక్కువున్న రీఫ్ ఎల్ఈడీ, రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు చాలు. నీళ్ళు కదలడానికి వేవ్‌మేకర్, చెత్త లాగడానికి ప్రొటీన్ స్కిమ్మర్, అంతే, మిగతా రంగురంగుల సీసాలు షాప్ వాళ్ళు అంటగడతారు, మెల్లగా చూద్దాం అని వచ్చేయండి.

రాళ్ళు డ్రై రాక్ కానీ సిమెంట్‌తో చేసినవి కానీ, అరగొనైట్ ఇసుక, నీళ్ళు పోసి బాటిల్ బ్యాక్టీరియా వేసి కొంచెం అమ్మోనియా చుక్కలు వేయండి. బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, ఇది కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేప మాటెత్తొద్దు. ఆ తర్వాత ఇసుక మీద గోధుమ రంగు పొర వస్తుంది, డయాటమ్స్ అనే సన్నటి ఆల్గే అవి, దాదాపు అందరికీ వస్తాయి, కంగారుపడి అంతా కడిగి మళ్ళీ మొదలుపెట్టకండి.

కొనేముందు చట్టం సంగతి కూడా. రాయిలా గట్టిపడే హార్డ్ కోరల్స్ అన్నీ, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్ కోరల్స్, సముద్ర గుర్రాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ. ఎవరైనా మన సముద్రం రాక్ అనో కోరల్ అనో చవగ్గా ఇస్తా అంటే దండం పెట్టి వచ్చేయండి. మొదలుపెట్టే వాళ్ళకి సాఫ్ట్ కోరల్సే హాయి, మష్రూమ్, లెదర్, జోవాంథిడ్స్, అవి కూడా ఎక్కణ్ణుంచి వచ్చాయో అడిగి బిల్లు తీస్కోండి. జోవాంథిడ్స్‌లో కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది, గ్లౌజులు వేస్కుని పట్టుకోవాలి, అవి అంటుకున్న రాయిని ఎప్పుడూ వేడినీళ్ళలో ఉడకబెట్టొద్దు, ఆ ఆవిరి పీలిస్తే ఆస్పత్రి పాలే.

మొదటి చేపలు ఒక జత క్లౌన్లు, ట్యాంకుల్లో పుట్టి పెరిగినవి అడగండి, వీటిని పెంచే పద్ధతి మన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు కూడా ఎప్పుడో సాధించారు. అన్నీ మగవిగానే మొదలవుతాయి, జతలో పెద్దది ఆడది అవ్తుంది, కాబట్టి ఒకటి పెద్దది ఒకటి చిన్నది తీస్కుంటే కొట్టుకోవు. బ్లూ టాంగ్ చేప వద్దు, దానికి ఈ ట్యాంక్ బాత్‌టబ్ అంత ఇరుకు. క్లౌన్లు దాక్కునే పువ్వులాంటి జీవి అనెమొనీ కనీసం ఆర్నెల్లు ఆగాక. చేపకి జబ్బు చేస్తే కాపర్ మందు మెయిన్ ట్యాంక్‌లో వేయకండి, రొయ్యలూ నత్తలూ కోరల్సూ అన్నీ పోతాయి, వేరే డబ్బాలో పెట్టి వైద్యం చేయండి. వారానికి 10 శాతం నీళ్ళు మారిస్తే సాఫ్ట్ కోరల్స్‌కి కాల్షియం లాంటివి వేరేగా పోసే డోసింగ్ అక్కర్లేదు.

ఉప్పునీళ్ళూ కరెంటూ పక్కపక్కనే కాబట్టి ప్రతి వైరూ ప్లగ్ కంటే కిందకి వేలాడి పైకి వెళ్ళేలా పెట్టి, బోర్డులో కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ వేయించండి. గాలివానకి కరెంట్ పోతే ఇన్వర్టర్ మీద వేవ్‌మేకర్ ఒక్కటి తిరిగినా చేపలకి గాలి అందుతుంది, చిల్లర్‌ని దాని మీద పెట్టకండి.

సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు టాపప్ డబ్బా నిండా నింపి, తాళాలు పక్కింటి ఆంటీకి ఇచ్చి, రోజుకి ఎంత వేయాలో అంత మందుల డబ్బాలో గదికొకటి చొప్పున సర్ది ఇవ్వండి, అసలు ఫుడ్ డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేయండి. మా ఆంటీ మంచిది, పాపం ఆకలేస్తుందేమో అని గుప్పెడు వేసింది.