లైనక్స్‌లో మదర్‌బోర్డు సౌండ్ రాకపోతే ఆటో మ్యూట్ చూడండి

సెట్టింగ్స్‌లో సౌండ్ కార్డు ఉంది, పాట పెడితే మీటరు కదులుతోంది, వెనక ఆకుపచ్చ జాక్‌లోని స్పీకర్లు మాత్రం పలకలేదు. ఇలాంటప్పుడు డ్రైవర్ జోలికి పోనక్కర్లేదు. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (alsamixer) అనే సౌండ్ మిక్సర్ తెరిచి, ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకోండి. లేకపోతే లైనక్స్ సౌండ్ సర్వీసైన పైప్‌వైర్ మిక్సర్ ఒక్కటే కనిపించి లోపలి స్విచ్‌లు దొరకవు. ఎక్కడైనా ఎంఎం (MM) అని ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు; ఎం నొక్కాలి, 00 అవుతుంది, అంటే మ్యూట్ పోయినట్టు.

నా సిస్టంలో అన్నీ 00లోనే ఉన్నాయి. ఆపుతున్నది కుడి చివరనున్న ఆటో మ్యూట్ మోడ్, అంటే హెడ్‌ఫోన్ పెడితే స్పీకర్లను ఆపేసే స్విచ్. కేబినెట్ ముందు ప్యానెల్ ఆడియో జాక్‌ల నుంచి బోర్డుకి వచ్చే వైరు పాత ఏసీ97 (AC97) రకం. అందులో జాక్‌ను గుర్తించే లైను ఉండదు కాబట్టి, ముందు హెడ్‌ఫోన్ పెట్టే ఉందనుకుని బోర్డు, వెనక స్పీకర్లను ఆపేస్తోంది. పై బాణంతో గానీ కింది బాణంతో గానీ డిజేబుల్డ్‌కి మార్చగానే సౌండ్ వచ్చింది. రీబూట్ తర్వాతా నిలవాలంటే సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఆల్సాసీటీఎల్ స్టోర్, అంటే sudo alsactl store అని టెర్మినల్‌లో కొట్టాలి. అదే వైరుకి కొత్త రకమైన హెచ్‌డీ ఆడియో (HD Audio) కనెక్టర్ కూడా ఉంటే, దాన్ని పెట్టడం ఇంకా మేలు.