దిగులుకు మందు గొంతు దగ్గర దొరికింది

నిరుడు మే నెలలో కూడా నాకు చలే. జుట్టు ఊడటం, మలబద్ధకం, ఒంటి బరువు సరే, అసలు బాధ మనసుది. పొయ్యి మీద పాలు పెట్టి అక్కడ ఎందుకు నిలబడ్డానో మర్చిపోయేదాన్ని. ఊరికే ఏడుపొచ్చేది. అత్తమ్మ దిష్టి తీసింది. డిప్రెషన్ మాత్రలు 6 నెలలు వాడినా అంతంతమాత్రమే.

రెండో సైకియాట్రిస్టు నా బొంగురు గొంతు విని ముందు రక్తపరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ 62! గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథిని పనిచేయమని మెదడు పంపే హార్మోను ఇది; గ్రంథి మందగిస్తే ఇది పెరుగుతుంది. మామూలుగా 4 దగ్గర ఆగాలి. థైరాయిడ్ హార్మోను తగ్గితే మెదడు పనీ మందగిస్తుందట. 1949లోనే రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ డాక్టరు ఇలా మతి చలించిన 14 మంది గురించి రాశాడు.

థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మాత్ర) మొదలుపెట్టాను. 2 నెలలకి చూస్తే ఇంకా 31. తప్పు నాదే: మాత్ర మింగిన 5 నిమిషాలకే ఫిల్టర్ కాఫీ, టిఫినవగానే కాల్షియం బిళ్ల. రెండూ మందుని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. ఇప్పుడు లేవగానే మంచినీళ్లతో మాత్ర, గంట తర్వాతే కాఫీ (ఆ గంట ఎలా గడుస్తుందో నాకే తెలుసు), కాల్షియం రాత్రికి. ఇంకో 8 వారాలకి 3.1. ఏడుపు ఆగింది, మతిమరుపు కొంచెం మిగిలింది. డిప్రెషన్ మాత్ర నేనై మానలేదు, డాక్టరే మెల్లగా తగ్గించారు.

నన్ను చూసి ఎదురింటి పిన్నీ పరీక్ష చేయించుకుంది. ఆమెకి నార్మల్. ఆమె దిగులు వేరే, దానికి వేరే మందు వాడుతోంది.