అన్నిటికీ సరే అనకండి

ఆఫీసులో ఎవరు ఏది అడిగినా "సరే, చేసేస్తా" అనే అలవాటు మీకూ ఉంటే ఇది ప్రయత్నించండి. నేను చాలాకాలం పది పనులు నెత్తిన వేసుకుని, రాత్రి తొమ్మిదింటికి ఒక్కటీ పూర్తి కాకుండానే ఇంటికెళ్లేవాణ్ని, పైగా ఆదివారం సాయంత్రం నుంచే టెన్షన్. ఇప్పుడు పొద్దున మెయిల్ తెరవకముందే, ఈరోజు తప్పకుండా అవ్వాల్సినవి రెండంటే రెండే పనులు కాగితం మీద రాసుకుంటాను, అవి అయ్యేదాకా చాట్ నోటిఫికేషన్లు బంద్. మధ్యలో కొత్త పని వస్తే కాదనను, "చేస్తాను సార్, మరి చేతిలో ఉన్నది పక్కన పెట్టమంటారా?" అని అడుగుతాను. సగం సార్లు ఆ కొత్తదానికే అంత తొందర లేదని తేలుతుంది.

మీటింగుల సంగతి చెప్పక్కర్లేదు. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ జపాన్ శాఖ జీతం కోయకుండా శుక్రవారాలు సెలవిచ్చి, మీటింగులను అరగంటకు కుదించింది. ఒక్కో ఉద్యోగి లెక్కన అమ్మకాలు అంతకుముందు ఏడాది ఆగస్టు కంటే దాదాపు 40 శాతం పెరిగాయని ఆ కంపెనీయే చెప్పింది. మనకు శుక్రవారం సెలవు ఎవరిస్తారు లెండి! కానీ గంట మీటింగుకు పిలుపు వచ్చినప్పుడు "అరగంట సరిపోతుందా?" అని ఒకటి రెండుసార్లు అడిగి చూడండి, మొదట్లో కాస్త మొహమాటంగానే ఉంటుంది.