పక్షవాతం: తొలి గంటల్లో చేయవలసింది, రాకుండా చూసుకోవలసింది

చేయి, కాలు పడిపోయినా దెబ్బ తగిలింది మెదడుకే. మెదడుకు రక్తాన్ని తీసుకువెళ్ళే నాళం గడ్డ అడ్డుపడి పూడుకుపోవచ్చు, లేదా చిట్లిపోయి రక్తస్రావం కావచ్చు. ఎక్కువ మందికి వచ్చేది మొదటి రకం. పెద్ద నాళం పూడుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. కాబట్టి ఇంట్లో వాళ్ళు లక్షణాలను గుర్తుపట్టి వెంటనే కదలడం మీదే సగం చికిత్స ఆధారపడి ఉంటుంది.

అనుమానం వచ్చిన వెంటనే మనిషిని నవ్వమనండి. మూతి ఒక పక్కకు వంకరపోతుందేమో చూడండి. కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచి పది సెకన్లు ఉంచమనండి. ఒక చేయి కిందికి జారిపోతే అది బలహీనపడిందన్నమాట. ఒక చిన్న వాక్యం చెప్పమనండి. మాట ముద్దగా రావడం, మాట దొరకకపోవడం, మనం అన్నది అర్థం కాకపోవడం కూడా లక్షణాలే. ఉన్నట్టుండి చూపు పోవడం, తూలిపోవడం, ఎన్నడూ ఎరగనంత తీవ్రమైన తలనొప్పి రావడం కూడా ఇలాంటివే. వీటిలో ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి.

ఆ తర్వాత గడియారం చూసి, మనిషి చివరిసారిగా మామూలుగా ఉన్న సమయాన్ని కాగితం మీద రాసుకోండి. నిద్రలో వచ్చి ఉంటే, పడుకోబోయే ముందు బాగున్న వేళే లెక్క. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా ఆ సమయం నుంచి నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. పెద్ద నాళంలో గడ్డ ఉన్నవారిలో కొందరికి, తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి దాన్ని బయటికి లాగే చికిత్స 24 గంటల వరకూ ఉపయోగపడుతుంది. అందుచేత రాత్రింబవళ్ళు సీటీ స్కాన్ చేసి, ఈ ఇంజెక్షన్ ఇవ్వగలిగిన ఆసుపత్రి మీ ఊరికి దగ్గరలో ఏది ఉందో ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కుని పెట్టుకోవాలి. స్కాన్ లేని చిన్న క్లినిక్‌లో సెలైన్ పెట్టించుకుని తెల్లవారేదాకా ఎదురుచూడడం, పసరు మందు కోసం మరో ఊరికి ప్రయాణం కట్టడం ఎంత నష్టం చేస్తాయో చెప్పనలవి కాదు.

ఆసుపత్రికి చేరేలోగా నోట్లో నీళ్ళు గానీ, కాఫీ గానీ పోయకండి. మింగే శక్తి తగ్గి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రక్తస్రావమేమో తెలియదు కనుక ఆస్పిరిన్ ఇవ్వకూడదు. బీపీ ఎక్కువగా కనిపించిందని నాలుక కింద మాత్ర పెట్టకూడదు. ఒక్కసారిగా బీపీ పడిపోతే మెదడుకు అందే కాస్త రక్తమూ తగ్గిపోతుంది. వాంతి అవుతున్నా, స్పృహ తప్పినా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

ఇక రాకుండా చూసుకోవడం. 2016లో లాన్సెట్ పత్రికలో వెలువడిన 32 దేశాల అధ్యయనం ప్రకారం, పక్షవాతం ముప్పులో దాదాపు 90 శాతం మనం మార్చుకోగల పది కారణాలతో ముడిపడి ఉంది. వాటిలో అన్నిటికన్నా పెద్దది అధిక రక్తపోటు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం పొరపాటు. ఇంట్లో కొలిచేటప్పుడు, అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ మానాలి. మూత్ర విసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద మోపి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఆనించి, నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి, రెండూ రాసుకోవాలి. ఇంటి కొలతల సగటు 135/85 గానీ, అంతకు మించి గానీ ఉంటే వైద్యులకు ఆ కాగితం చూపించాలి. బీపీ నార్మల్‌కు వచ్చిందని మాత్రలు మానేసేవారు మన ఇళ్ళల్లో ఎందరో. అది నార్మల్‌కు వచ్చింది మాత్రల వల్లే కనుక, మానడమైనా తగ్గించడమైనా వైద్యులు చెప్పాకే జరగాలి.

ఉప్పు రోజుకు 5 గ్రాములకు, అంటే సుమారు ఒక టీ చెంచాకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కూరలో వేసినదే కాక ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, మజ్జిగలో కలుపుకున్న ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. షుగర్‌ను, కొలెస్టరాల్‌ను అదుపులో ఉంచుకోవాలి. పొగ పూర్తిగా మానాలి. మద్యం తగ్గించడం కాదు, మానగలిగితే మానాలి. రోజూ అరగంట వేగంగా నడవాలి. నాడి క్రమం తప్పి కొట్టుకుంటున్నట్టు అనిపిస్తే ఈసీజీ తీయించుకోండి. ఆ గతి తప్పిన గుండెలో గడ్డలు కట్టి మెదడుకు చేరే ప్రమాదం ఉంది, అవసరమైన వారికి దానిని తగ్గించే మందులూ ఉన్నాయి.

మూతి వంకరపోయి, లేదా చేయి మొద్దుబారి, పది నిమిషాల్లో దానంతట అదే సర్దుకుంటే చాలామంది ఊపిరి పీల్చుకుని పనిలో పడతారు. నిజానికి అలా వచ్చిపోయిన తర్వాతి రెండు రోజుల్లోనే అసలైన పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. అంతా బాగుందనిపించినా అదే పూట ఆసుపత్రికి వెళ్ళి, ఏ చేయి, ఎంతసేపు, ఎన్ని గంటలకు అన్నది వైద్యులకు వివరంగా చెప్పండి.