టిక్కీలు లోపలికి వెళ్లకముందే సెన్సర్ల సంగతి చూసుకోండి

ఫిబ్రవరి దాటితే గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల ముందు మిర్చి లారీలు బారులు తీరతాయి. ఛాంబర్‌లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేర్చేశాక నడుమ వేలాడే ఉష్ణోగ్రత సెన్సర్ తీగకు నెలల తరబడి చెయ్యి అందదు. చేసేదేదో ఛాంబర్ ఖాళీగా ఉన్నప్పుడే చెయ్యాలి.

నేను వాడేది డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత కొలిచే చిప్. మూడు తీగల కేబుల్ ఒక్కదాని మీద పది, ఇరవై బిగించొచ్చు. ప్రతి చిప్‌కీ సొంతంగా 64 బిట్ల నంబరు ఉంటుంది. చిక్కంతా అక్కడే. స్క్రీన్ మీద వరస ఆ నంబర్లను బట్టి వస్తుంది, తీగ మీద బిగించిన వరసలో కాదు. ఈ సంగతి తెలియక ఒక ఏడాది ఆరో పాయింటులో 11 డిగ్రీలు కనబడితే, తలుపు వైపు నలభై టిక్కీలు దింపించాను. వేడెక్కింది వెనక గోడ దగ్గర! హమాలీల కూలి నా జేబులోంచే పోయింది.

ఇప్పుడు గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పెట్టుకుని ఒక్కోదాన్నే ముంచుతాను. ఏ అంకె పైకి లేస్తే ఆ నంబరు చీటీ మీద రాసి అక్కడే కట్టేస్తాను. తర్వాత ఐసు పరీక్ష. ఐసు దంచి, మునిగేంత నీళ్లు పోసి, సెన్సర్లు అందులో పది నిమిషాలు ఉంచండి. సున్నాకు అటూ ఇటూ అర డిగ్రీ తేడా మామూలే. అంతకు మించితే తీసెయ్యండి. బజార్లో నకిలీ చిప్‌లు ఉన్నాయి, మరీ చవగ్గా వస్తే నాకు అనుమానమే.

జాయింట్లకు ఉత్త టేపు చాలదు, చెమ్మ దిగుతుంది. లోపల జిగురున్న ష్రింక్ ట్యూబ్ (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం) వెయ్యండి. కేబుల్‌ను కొమ్మల్లా చీల్చకుండా ఒకే దారిలో లాగండి, మోటార్ల కేబుల్‌కు దూరంగా.

85 డిగ్రీలు కనబడితే కంగారు పడేముందు కరెంటు పోయి వచ్చిందేమో చూడండి. కొలవకముందు ఆ చిప్‌లో ఉండే అంకె అది. సెన్సర్లను చదివే చిన్న బోర్డు ఆర్డునో ప్రోగ్రాముల్లో మైనస్ 127 వస్తే సెన్సర్ అందడం లేదని అర్థం. ఈ రెండూ సగటులో కలవకుండా ప్రోగ్రాం రాసే కుర్రాడికి ముందే చెప్పండి. పక్క పాయింట్లు కూడా మెల్లగా పెరుగుతుంటే మాత్రం ఆలోచించకుండా ఛాంబర్‌కు పరిగెత్తాలి.

కూలర్ ఫ్యాన్ ఎదురుగా పెట్టిన సెన్సర్ ఎప్పుడూ మంచి కబురే చెబుతుంది. తలుపు పక్కన, పైవరసలో, గుట్ట నడుమ కూడా ఉండాలి. ఒక్కో వరస పేర్చగానే రీడింగులు చూడండి. కొక్కెం తగిలి తీగ తెగితే, హమాలీలు అక్కడుండగానే మార్చుకోవచ్చు.